మా గొర్రెల చెవులు కొరికిన పట్టకారు

రామన్నపేట దగ్గరి మా ఊళ్లో మా బాపుకు గొర్రెల మంద ఉండేది. నాకు పదేళ్లప్పుడు, ఎండాకాలం మేతకు తోలుకుపోయిన చోట మందలో సగం మాయమైంది. కొన్ని నెలలకు ఆ గొర్రెలు మా ఊరి పటేలు మందలో బాపుకు కనిపించాయి. మొహం, నడక చూసి ఒక్కొక్కదాన్నీ పోల్చుకున్నాడు. పంచాయితీ పెడితే పెద్దమనుషులు మాత్రం చెవులే చూశారు. మా గుర్తు ఎడమ చెవి అంచున ఏటవాలుగా చిన్న గాటు. వీటి చెవుల్లో గాటు లేదు. అంచున మూడాకుల ఆకారంలో పెద్ద తునక లేచిపోయి ఉంది. అది పటేలు మంద గుర్తు.

లేనిపోని నింద వేసినందుకు పటేలు కాళ్లు పట్టుకోమని బాపుకు తీర్పు చెప్పారు. బాపు పట్టుకున్నాడు. నేను అవ్వ పక్కన నిలబడి చూశాను. పటేలు తమలపాకు నములుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత బాపు మిగిలిన గొర్రెలను వదిలించుకుని కూలికి పోయాడు, అదీ ఆ పటేలు చెలకల్లోకే.

నా పెళ్లి ఆ ఊళ్లోనే అయింది. ఆ తీర్పు జరిగిన పన్నెండేళ్లకు బడిలో ఊడ్చే పనికి కుదిరాను. ఒకసారి హెడ్మాస్టరు బడిలో ప్రదర్శన పెట్టాలని ఊళ్లోని పాత పనిముట్లన్నీ పోగుచేసి, పేరు తెలిసినవాటికి చీటీలు రాసి, తెలియనివాటిని ఒక బల్ల మీద పెట్టాడు. ముఖ్య అతిథి పటేలే కాబట్టి, ఆయన జీతగాడు అటక మీది ఇనుమంతా సంచిలో తెచ్చి కుమ్మరించాడు. అందులో తుప్పు పట్టిన పట్టకారు ఒకటి ఉంది. హెడ్మాస్టరు దాన్ని అడకత్తెర అన్నాడు. ఇంకో పంతులు బస్సు టికెట్లకు చిల్లు పెట్టేదన్నాడు. కమ్మరికీ అంతు పట్టలేదు.

బల్ల తుడుస్తూ నేను దాని నోరు చూశాను. మూడాకులు. చెయ్యి ఆగిపోయింది. బయటికి పోయి ఒక మోదుగాకు తెంపి, అంచున ఏటవాలుగా గాటు పెట్టి, దాని మీద పట్టకారు ఒత్తాను. గాటు పోయింది. మూడాకుల కంత మిగిలింది.

ఎవరికీ చెప్పలేదు. పట్టకారుకు ఆముదం రాసి, నోరు సులువుగా ఆడేలా చేశాను. పటేలు మొహం ఎట్లా మారుతుందో ఊహించుకుంటూ నాలుగు రోజులు అన్నం తిన్నాను. అంత రుచిగా ఎన్నడూ తినలేదు.

ప్రదర్శన రోజు బాపును బతిమాలి ముందు వరుసలో కూర్చోబెట్టాను. తీర్పు చెప్పిన పెద్దమనుషుల్లో ఇద్దరు వచ్చారు. పట్టకారు సంగతి ఎవరికైనా తెలుసా అని హెడ్మాస్టరు అడగగానే లేచాను. అందరికీ కనపడేలా ఒక మోదుగాకుకు గాటు పెట్టి, అది మా బాపు గుర్తని చెప్పాను. ఆకునూ పట్టకారునూ పటేలు ముందుకు చాపాను.

"పటేలా, గిది మీ ఇంటి సామానే. గీ గాటు మీద జర మీరే ఒత్తుండ్రి."

ఆయన చెయ్యి చాపలేదు. ఏ కాలం నాటి ఇనుమో తనకేమెరుక అన్నాడు. నేనే ఒత్తి, ఆకును ఆ ఇద్దరిలో ఒక పెద్దమనిషి చేతికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, బాపు దిక్కు చూసి తల దించుకున్నాడు.

"లేవుండ్రి పటేలా. మా బాపు కాళ్లు పట్టుకోవాలె."

హెడ్మాస్టరు నన్ను కూర్చోమన్నాడు. కూర్చోలేదు. పటేలు మెడలో దండ తీసి కుర్చీ మీద పడేసి వెళ్లిపోయాడు. ఇంటికి నడుస్తుంటే బాపు ఒకే ఒక మాటన్నాడు: "నల్ల పొట్టేలు నన్ను జూసి ఉరికొచ్చింది బిడ్డా. గది చెప్తే ఒక్కలు నమ్మలే."

ఆ వారంలోనే పటేలు గొర్రెల కాపర్లు పని మానేశారు. చుట్టుపక్కల ఊళ్ల గొల్లలెవరూ ఆ మంద వెంట పోలేదు. వానాకాలం రాకముందే దాన్ని భువనగిరి సంతకు తోలారు. నేను బస్సెక్కి పోయి చూశాను. గొర్రెలు జతలు జతలుగా విడిపోయి తలో ఊరికి పోతున్నాయి. నన్ను చూసి పటేలు కొడుకు మొహం తిప్పుకున్నాడు. జాలి కలుగుతుందేమో అనుకున్నాను. కలగలేదు. చివరి జత పోయేదాకా అక్కడే నిలబడ్డాను.