కోత పండుగ వేలంలో మా వదిన పుస్తకం

మా వదిన పుస్తకం మళ్ళీ అచ్చయిందనీ, గుంటూరులో దానికి రెండు సభలు పెడుతున్నారనీ మొదట నా చెవిన వేసింది ఆమె కూతురే, నా మేనకోడలు. పండితులకు విశ్వవిద్యాలయంలో ఒకటి, మామూలు జనానికి టౌన్ హాల్లో ఒకటి అట. దేవునికి స్తోత్రం చెప్పుకుని, వదిన ఎటూ ఈ లోకంలో లేదు కదా, ఆమె రాసిన మాట నలుగురి చెవిన పడేలా ఏదో ఒక సభలో ఒక్క పేజీ నేను చదువుతానని అడగమన్నాను. టైము లేదన్నారట. వక్తలు ఎక్కువయ్యారట. కుటుంబానికి ముందు వరసలో కుర్చీలు వేసి శాలువా కప్పుతారట. ఈ ఎండల్లో ఆ శాలువా ఎవరికి కావాలండీ!

నా ఈడు వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. దర్శి దగ్గర మా పల్లెలో ఆడపిల్లలం చాలామందిమి బడి గడప తొక్కలేదు. అమ్మ మంచం పట్టడంతో ఇంటి పనంతా నా మీద పడితే, మా పెద్దన్నయ్యను చేసుకుని వచ్చిన వదినే, మిరపకాయలు ఎండబోసిన కల్లంలో కాపలా కూర్చున్నప్పుడల్లా మట్టిలో పుల్లతో అక్షరాలు గీసి, కారం అంటిన చేత్తో కళ్ళు నులుముకోవద్దని కసురుతూ నాకు చదువు చెప్పింది. ఇవాళ నేను కళ్ళజోడు పెట్టుకుని బైబిలు చదువుకుంటున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే. అలా బడి ముఖం చూడకుండా చదువు నేర్చిన చుట్టుపక్కల ఆడవాళ్ళను వెతికి పట్టుకుని, ఎవరి దగ్గర, ఏ పని మధ్యలో నేర్చుకున్నారో అడిగి రాసిందే ఆ పుస్తకం.

అది మొదటిసారి అచ్చయినప్పుడు కూడా ఒక కాలేజీలో సభ పెట్టారు. ఏం మాట్లాడాలో వదిన బస్సులో దారి పొడవునా నాకు అప్పజెబుతూనే ఉంది. తీరా వెళితే ఆమె చేత ప్రార్థన గీతం పాడించి కూర్చోబెట్టారు. ఒక లెక్చరరు గారు లేచి, చదువు నేర్చిన ఆ ఆడవాళ్ళనే నిరక్షరాస్యులని పదే పదే అంటుంటే ఉండబట్టలేక వదిన నిలబడింది. మీరు రాశారు కదమ్మా, వివరించడం మా పని అన్నాడాయన నవ్వుతూ. హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఏడు మా చర్చిలో కోత పండుగకు అందరూ తొలి పంట గుడికి తెస్తుంటే, నా పంట ఇదేనని వదిన ఆ పుస్తకాన్ని తీసుకెళ్ళి దేవుని బల్ల మీద గుమ్మడికాయల పక్కన పెట్టింది. ఆరాధన అయ్యాక కానుకలు వేలం వేయడం మా ఆనవాయితీ. సంఘపెద్ద పుస్తకం పైకెత్తాడో లేదో, మిరప కోతలకు కూలికి వెళ్ళే మా చిన్నమ్మ మాట అందుకుంది.

"ఏందిరా, కోడిని ఎత్తి బరువు చూపిచ్చావు, కాయను కొట్టి చూపిచ్చావు. దీన్ని మాత్రం మూసిపెట్టి పాడమంటావా? రాసినమ్మనే చదవమను!"

వదిన చదివింది. సగం పేజీ కాకముందే చిన్నమ్మ లేచి నిలబడింది.

"ఓసినీ, అది నేనేగా! ఇంకెవరూ పాడమాకండి, నాది నాకే!"

ఎవరు వింటారు? మా అమ్మ కూడా ఉందిగా అందులో అని ఒకరు, మా అత్తను కూడా చదవమని ఒకరు, పాట పెంచుకుంటూ పోయారు. ఆ తర్వాత వినుకొండ దాకా ఎన్ని సంఘాలవాళ్ళు పిలిచారో! వెళ్ళిన ప్రతిచోటా చదివించుకునే వేలం పాడారు.

ఆ సంగతి కాలేజీకి చేరింది. గుమ్మడికాయలతో పాటు వేలం వేసిన పుస్తకం మా సదస్సుకు తగదని, పెడతామన్న రెండో సభ మానేశారు. దేవుని బల్ల మీద పెట్టింది వీళ్ళకు తక్కువైందా అని ఒక్క మాట అని, వదిన అందరినీ క్షమించింది. ఆ గుణం నాకూ ఇమ్మని ప్రార్థిస్తూనే ఉన్నాను గానీ, ఇంకా రాలేదు.

ఇప్పుడు ఆహ్వాన పత్రిక నిండా ప్రజల పుస్తకమన్న పొగడ్తలే. కాలం మారలేదని నేననను. మా ఇళ్ళ ఆడపిల్లలు ఆ కాలేజీల్లోనే పాఠాలు చెబుతున్నారు, అందుకు దేవునికి వందనాలు. కానీ ఆనాడు కూలికి వెళ్ళే మనిషి కూడా రాసినమ్మనే చదవమంది. ఈనాడు ఇంత పెద్ద సభలకు ఆ మాత్రం తీరిక లేదు. మీలో ఎవరి చేతికైనా ఆ పుస్తకం వస్తే, ముందుమాటలన్నీ దాటేసి, మా వదిన రాసిన ఒక్క పేజీ పైకి చదవండి. చదివి, ఆమెను తలుచుకోండి.