కిటికీ కింద డాకింగ్ స్టేషన్

కర్నూల్లో మా వీధికి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. హైదరాబాదు కంపెనీ ఒకటి నాకు లాప్‌టాప్ ఇచ్చి, ఇంట్లోనే కూర్చుని భవనాల ప్లాన్లు గీసి పంపమంది. లుంగీ మీద ఉద్యోగం చేసే మనిషిని మా వీధి అంతకుముందు చూడలేదు. నా ఉద్యోగం ఊడిందనుకుని ఎదురింటాయన చాలాకాలం జాలిపడ్డాడు.

ఆ బుల్లి తెర మీద ప్లాన్లు గీయడం కష్టం. పెద్ద మానిటర్, కీబోర్డు, మౌస్, ప్రింటర్ అన్నీ రోజూ తగిలించి, సాయంత్రం పీకడంతో విసుగొచ్చింది. వైర్లన్నీ ఒకేచోట ఉంచే డాకింగ్ స్టేషన్ కొందామని కంప్యూటర్ల షాపుకు వెళ్లాను. షాపాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి చిన్న పెట్టె, సబ్బు డబ్బా అంత. ఒక్క వైరుతో ఏ లాప్‌టాప్‌కైనా తగులుతుంది, కాకపోతే తెర కొంచెం నెమ్మది. రెండోది నా మోడల్ కోసమే చేసిన పెద్ద పీట. దాని మీద లాప్‌టాప్ పెట్టి నొక్కితే టక్కున కూర్చుంటుంది. ఆ శబ్దం నాకు తెగ నచ్చింది. షాపులోనే నాలుగుసార్లు తీసి పెట్టాను.

ఇంటికొచ్చి ఈ సంగతంతా చెబితే మా ఆవిడ అడిగింది.

"ఆ చిన్నది చాలదా? పక్కన నా మిషన్ కూడా పడతాది కదా."

ఆమె ముందుగదిలో కిటికీ కింద కూర్చుని, కాలితో తొక్కే మిషన్ మీద జాకెట్లు కుట్టేది. నల్ల గుడ్డ మీద నల్ల దారం కనబడాలంటే మా ఇంట్లో ఆ ఒక్క చోటే వెలుతురు. మధ్యాహ్నాలు ఆడవాళ్లు గుడ్డలు పట్టుకుని వచ్చి, ఆమె చుట్టూ కూర్చుని ఒకటే నవ్వులు. నా ఖర్మకొద్దీ ఫోన్ లైనూ, మూడు పిన్నుల ప్లగ్గూ కూడా ఆ కిటికీ పక్కనే ఉన్నాయి.

"నాది ఆఫీసు పని, నీది కాలక్షేపం" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

పెద్దదే కొన్నాను. పాత టేబుల్ ఆ బరువుకు ఊగుతోందని, కిటికీ కింద గోడ పొడవునా కడప బండ వేయించాలనుకున్నాను. మేస్త్రీకి నేనే ప్లాన్ గీసిచ్చాను. మానిటర్‌కు ఇంత, ప్రింటర్‌కు ఇంత, వైర్లు దిగడానికి ఇక్కడో రంధ్రం. ఎవరెవరి ఇళ్లకో పూజగదులూ తులసికోటలూ మరిచిపోకుండా గీసేవాణ్ణి. ఆ కాగితంలో మాత్రం కుట్టుమిషన్ గీయలేదు.

మేస్త్రీ ఆ కాగితం తిప్పితిప్పి చూసి, "బండ ఒకతూరి గోడలో కూసుంటే మల్ల పీకేది శానా కష్టమప్పా. ఇంట్లో అడిగినావా?" అన్నాడు.

"అడిగేదేముంది, వెయ్యి" అన్నాను.

మిషన్ నడిమింట్లోకి పోయింది. అక్కడ పగలు కూడా లైటుండాలి, ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటుండదు. అయినా కొన్నాళ్లు ఆ ఆడవాళ్లు వచ్చేవారు, నా వెనకనుంచి పిల్లుల్లా నడిచి లోపలికి పోయేవారు. నవ్వులు వినబడితే నేను ఫోన్ చేత్తో మూసి "ష్!" అనేవాణ్ణి. మెల్లగా రావడం మానేశారు. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాను కూడా.

రెండేళ్లు తిరక్కుండానే కంపెనీ కొత్త లాప్‌టాప్ పంపింది. అది ఆ పీట మీద కూర్చోలేదు. ఎటు తిప్పి నొక్కినా టక్కుమనలేదు. అంత ముచ్చటపడి కొన్నది అటకెక్కింది. మళ్లీ అదే షాపుకు వెళ్లి, ఆమె మొదటే చాలన్న చిన్న పెట్టె తెచ్చుకున్నాను. తెర నెమ్మదిగా ఉందని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

ఇప్పుడు బండ సగం ఖాళీ. నాకు సిగ్గేసింది. మేస్త్రీని పిలిచి ఆ సగం కోయించి, మిషన్‌ను మళ్లీ కిటికీ కిందికి తెద్దామనుకున్నాను. ఆమెకు చెప్పకుండా, ముందు మిషన్ వెడల్పు కొలుద్దామని టేపు తీసుకుని నడిమింట్లోకి వెళ్లాను. మిషన్ ఉండే చోట బియ్యం మూట ఉంది.

"మిషన్ యాడ?" అని కేకేశాను.

ఆమె వంటింట్లోంచి వచ్చి, చేతిలో టేపు చూసింది.

"వేంపల్లెలో మా చెల్లెలికి ఇచ్చి పంపినా కదా."

"ఎప్పుడు?"

"ఆరు నెలలాయ. ఆటోకు ఎక్కించేకి మీ ముందరనుంచే మోసుకుపోతిమి. మీరు ఫోన్లో మాట్లాడతాంటిరి. శబ్దం చేయొద్దని చెయ్యి ఊపితిరి."

చెయ్యి ఊపడం నాకు గుర్తుంది. తల తిప్పి చూడలేదు.