అమీర్‌పేటలో నాలుగో రొట్టె

ఒళ్లు తగ్గాలని నెల రోజులుగా అన్నం మానేశాను. పని మీద కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్లినప్పుడు, ఓ సాయంత్రం అమీర్‌పేట మెట్రో కింద జొన్నరొట్టెలు చేసే ఒకామె దగ్గర ఆగాను. అన్నం ముట్టనని గొప్పగా చెబుతూ మూడు తిని, నాలుగోది అడిగాను.

"ఏం పని చేస్తవన్నా?" అంది.

"బ్యాంకులోనండి."

"గిన్ని రొట్టెలు మా ఊర్ల నాగలి దున్నేటోళ్లు తింటరు. కూసొని పని చేసేటోనికి రెండు మస్తు. జర కూర ఏస్త, తిను."

నాలుగో రొట్టె నా వెనక నిలబడ్డాయనకు ఇచ్చేసింది.

మా గోదావరి వైపు వద్దన్నా వడ్డించడమే మర్యాద. అడిగినా పెట్టని మర్యాద అక్కడే చూశాను. నెలనాళ్లు అన్నం మానినా నా బెల్టు ఒక్క బెజ్జం కూడా జరగలేదని మాత్రం ఆమెకు చెప్పలేదు.