మూడేళ్లు కదలని మబ్బు

ఆఫీసులో అందరూ ఆమెను మబ్బులమ్మ అనేవారు. శాటిలైట్ పంపే ఫొటోల్లో మబ్బు కమ్మిన పిక్సెళ్లను వెతికి తీసేసే కోడ్ ఆమెది. తీసేసిన చోట, అదే నేల ముక్కను పాత ఫొటోలోంచి తెచ్చి అతికిస్తుంది. పన్నెండేళ్లుగా అదే పని. మనిషి మాత్రం అనుమానాల పుట్ట. ఇంట్లో చక్కెర డబ్బా మూత వదులుగా కనబడితే ముగ్గురిని నిలదీస్తుంది.

ఆ ఉదయం పిన్ని ఫోన్ చేసి కడిగిపారేసింది. "కొండని తొలిచేస్తున్నారే! మంచాల మీద కూడా తెల్లరాతి దుమ్మే. మీ బాబాయికి ఊపిరాడట్లేదు. రెండుసార్లు అర్జీ పెడితే, ఫొటోలో క్వారీయే లేదని రాసిచ్చింది మీ ఆఫీసు. ఎల్లుండి ఆఖరి విచారణ. ఇదీ పోతే ఇక మా నోట్లో మట్టే."

ఆమె ఫొటో తెరిచింది. కొండ పచ్చగా నవనవలాడుతోంది. చెట్టుకు చెట్టు మూడేళ్ల కిందటిదే! ఆకాశంలో మబ్బుతునక లేని రోజున కూడా సరిగ్గా అక్కడే మబ్బుందని కోడ్ కొట్టేసింది. మూడేళ్లు కదలని మబ్బా? ఎవరి చెవిలో పువ్వు పెడతారు?

"పెద్దసారే," అనుకుంది పళ్లు కొరుకుతూ. కొత్త కారు కొన్నాడు. తలుపు వేసుకుని ఫోన్లు మాట్లాడుతున్నాడు. ఇందాక కొండ మాటెత్తితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కళ్లజోడు తుడుచుకున్నాడు. కోడ్‌లో ఏ వరుస ఎవరు మార్చారో చూపించే పట్టీ ఉంటుంది. దొంగ అక్కడే దొరుకుతాడని తెరిచింది.

దొరికింది. ఇంతకన్నా తెల్లగా ఉన్నదల్లా మబ్బేనన్న వరుస. పక్కన ఆమె పేరే. పల్చటి మబ్బులు తప్పించుకుంటున్నాయని మూడేళ్ల కిందట తానే ఆ హద్దు తగ్గించింది. క్వారీలో బయటపడ్డ తెల్లరాయీ ఆ లెక్కలో మబ్బయిపోయింది. తెల్లనివన్నీ పాలు కావని చిన్నప్పుడే విన్న మనిషికి, తెల్లనివన్నీ మబ్బులు కావని తోచనే లేదు. తల కొట్టేసినట్టయింది.

వెళ్లి చెబితే సారు ముఖం పాలిపోయింది. "నువ్వు చూశావంటే ఇక నేను చూడక్కర్లేదని సంతకం పెట్టేశానమ్మా."

ఆ మాటకు ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. తప్పు తనదేనని రాసి, కోడ్ ముట్టుకోని ఫొటో జతచేసి విచారణకు పంపింది. తర్వాత పిన్నికి ఫోన్ చేసింది.

"క్వారీ కనబడకుండా చేసింది ఎవరో కాదు పిన్నీ, నేనే. తెలియక చేశాను. ఇప్పుడు అంతా సరిచేసి పంపించాను."

అటువైపు బాబాయి దగ్గు వినిపించింది. పిన్ని గొంతు తగ్గించి అడిగింది.

"నిజం చెప్పవే... ఆ క్వారీ వాళ్లు నీకెంతిచ్చారు?"