సాగర్ నీళ్లమీద పాత మిలటరీ విమానం

ఎస్తేరు నాతో చదువుకుంది. ఇప్పుడు పాత విమానాలు బాగుచేసే బృందంలో ఇంజనీరు. ఒకప్పుడు సైన్యం వాడిన, నీళ్లమీద తేలే విమానాన్ని నాగార్జునసాగర్‌కు తెచ్చామని, ఆదివారం వస్తే ఎక్కిస్తానని ఫోన్ చేసింది. పక్కనే వింటున్న మా మేనత్త రాజ్యం, "నన్నొదిలి పోతావేందే?" అంటూ సంచి సర్దేసింది.

పొద్దున్నే నరసరావుపేట నుంచి బస్సులో బయల్దేరి, దారిలో రైలు పట్టుకుని మాచర్లలో దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ తిని, బస్సులో విజయపురి సౌత్ చేరేసరికి పదకొండున్నర. అక్కడ ఎస్తేరు మమ్మల్ని బాజీ అనే జాలరి పడవ ఎక్కించింది. గుట్ట మలుపు తిరగగానే కనిపించింది విమానం! చక్రాలుండాల్సిన చోట పడవల్లాంటి రెండు పొడవాటి తేలుడు దిమ్మెలు.

"ఏందే, దీన్ని పడవల మీద కూచోబెట్టారా?" అంది అత్త.

"వీటికి బ్రేకులుండవు అత్తా, గాలి ఎటు తోస్తే అటే," అంది ఎస్తేరు. తర్వాత నావైపు తిరిగి, "విమానం ముక్కుకున్న పంకా ఆగున్నా ముందు నుంచి పోమాక. వెనకనుంచి ఎక్కు. ఈ కడ్డీ పట్టుకుని నల్లపట్టీ మీదే అడుగెయ్," అంది.

ఎస్తేరు వెనకే నేనూ దిమ్మె మీద అడుగేశాను. అది కాళ్లకింద మెత్తగా కుంగింది. అప్పుడే ఈదురుగాలి లేచింది. ఒడ్డుకు కట్టిన తాడు ఊడి, విమానం తోక బండలవైపు తిరగసాగింది. మేం పంకా దగ్గరున్నాం కాబట్టి లోపలున్న పైలట్ ఇంజను వేయడానికి లేదు. ఎస్తేరు తెడ్డుతో బండను తోస్తోంది.

"తాడు పట్టుకో చెల్లే!" అని బాజీ తన పడవకు కట్టిన తాడు విసిరాడు. అది నీళ్లలో పడింది. మళ్లీ విసిరాడు. మోకాళ్లమీద కూలబడి అందుకున్నాను.

"వదలమాకే!" అత్త కేక.

అరచేతులు మండిపోతున్నా దిమ్మె మీది కొక్కేనికి రెండు చుట్లు తిప్పాను. బాజీ పడవ మోటారు గట్టిగా లాగింది. తోక బండకు జానెడు దూరంలో ఆగి, మెల్లగా వెనక్కి మళ్లింది.

ఇక అత్త ఆగలేదు. చీర కుచ్చెళ్లు దోపుకుని నాకంటే ముందు లోపలికెక్కేసింది. ఎగరడానికి అనుమతి లేదు, నీళ్లమీద పరుగే. ఇంజను గర్జించింది. కిటికీలు నీటితుంపర్లతో తెల్లబడ్డాయి, సందుల్లోంచి కొట్టిన నీళ్లకు అందరం తడిసిపోయాం. దిమ్మెలు నీటిని చీల్చుకుంటూ సగం పైకి తేలాయి. నేను అరుస్తున్నానని ఎస్తేరు చెబితేగానీ తెలియలేదు.

మీరూ వెళితే రబ్బరు చెప్పులు వేసుకోండి. చేతులకు పాత గుడ్డలైనా చుట్టుకోండి.

సాయంత్రం మాచర్ల రైల్లో ఎదుటి సీటాయన మా తడిసిన బట్టలు చూసి, "ఎక్కడ తడిశారమ్మా, వాన లేదే?" అన్నాడు.

"ఇమానం ఎక్కొచ్చాం," అంది అత్త.

"ఏ ఊరు పోయొచ్చారు?"

"ఏ ఊరూ పోలా. ఎక్కిన కాడే దిగాం. చానా బాగుంది నాయనా!"