కవరు మీద బిస్మిల్లా

రాజమండ్రి మసీదు వీధి మలుపులో మొహిద్దీన్ సాయిబుకి చిన్న కొట్టుండేది. ఆయన పని అద్దం మీద అరబ్బీ రాత. అల్లా పేర్లు, 'అల్లా పేరిట' అని అర్థమొచ్చే బిస్మిల్లా. రాసేది అద్దం వెనక నుంచి కాబట్టి ప్రతి అక్షరమూ తిరగేసి రాయాలి. కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోనిదే కుంచె పట్టేవాడు కాదు. ఆ చుట్టుపక్కల ఆయన అద్దం లేని సాయిబుల ఇల్లు ఉండేది కాదు.

తొంభైల చివర్లో బల్బులు వెలిగే మక్కా బొమ్మ గడియారాలు ఫ్యాన్సీ షాపుల్లోకి దిగాయి. వేళకి అజాన్ కూడా అవే వినిపించేవి. సాయిబు కొట్టు మెట్టెక్కేవాళ్లు కరువయ్యారు.

అలాంటి రోజుల్లో, 2003 రంజానుకి ముందు, బట్టల షాపు పల్లంరాజు కబురు పెట్టాడు.

"మా షాపుకి మంచి బిస్మిల్లా ఒకటి రాసివ్వండి సాయిబు గారూ."

ఇన్నాళ్లకి ఒకరు మర్యాదగా అడిగారని నాలుగు రోజులు కూర్చుని రాశాడు.

ఉపవాసాలు మొదలైన వారానికి భార్య ఖాతూన్‌బీ పల్లంరాజు షాపు కవర్లో ఖర్జూరాలు తెచ్చింది. ఆ ప్లాస్టిక్ కవరు మీద సాయిబు రాత! ఆ వంపు ఇంకెవరిదీ కాదు. కింద ఎర్రగా 'రంజాన్ బంపర్ ఆఫర్'. చూడగానే ఒక్క క్షణం గర్వం కలిగింది. ఆ గర్వానికే తర్వాత సిగ్గుతో చచ్చిపోయాడు.

వెంటనే కవరు పట్టుకుని షాపుకి వెళ్లాడు. పల్లంరాజు తెల్లబోయాడు.

"తప్పేముందండీ? మీ పండక్కి గౌరవంగానే వేయించాం. ఊరంతా మీ రాతే కదండీ!"

"ఈ కవర్లు చివరికి ఎక్కడ పడతాయండీ, రాజు గారూ?"

రాజు ఇంకో బేరం వస్తే అటు తిరిగాడు.

పండగ వెళ్లేదాకా సాయిబు కాలవల్లో, చెత్తకుప్పల్లో ఆ కవర్లు ఏరాడు. కడిగి, దండెం మీద ఆరేశాడు. చిరిగిన ఖురాను కాగితాల్ని పారే నీళ్లలో వదలడం పెద్దల నాటి అలవాటు. అలాగే వీటినీ మూటకట్టి, రాయి కట్టి గోదావట్లో వదిలాడు. రాయి జారి మునిగిపోయింది. మూట విప్పుకుని కవర్లన్నీ పైకి తేలాయి.

రేవులో చేపలు కడుగుతున్న తలుపులమ్మ ఒకటి అందుకుని, నీళ్లు దులిపి, చేపలు వేసుకుంది.

"గట్టి కవరేనండీ, ఎక్కడా చినగలేదు," అంది సంతోషంగా.



ఆ తర్వాత సాయిబు నాలుగేళ్లు బతికాడు. స్కూటర్లకి నంబర్ ప్లేట్లు రాశాడు. అరబ్బీ మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. ఎందుకని ఖాతూన్‌బీ అడిగితే "చెయ్యి వణుకుతోందే" అనేవాడు. అంకెలు వేసేటప్పుడు ఆ చెయ్యి వణకడం ఆమె ఎన్నడూ చూడలేదు.