ఖాళీగా ఉంచాల్సిన గడులు

ప్రయోగశాలలో అందరికీ ఆవిడ పిన్నిగారే. అంతకుముందు ఇరవై ఏళ్లు ఆసుపత్రి వార్డులో రోగుల జ్వరం చార్టులు రాశారు. ఇక్కడ ఉపగ్రహం పంపే అంకెలు సర్దేవారు. ఆ ఉపగ్రహంలో ఒక పెట్టె ఉంది. ఎక్కడెక్కడి నక్షత్రాల నుంచో వచ్చిపడే కణాలను నిమిషనిమిషానికీ లెక్కపెడుతుంది. ఆ లెక్కంతా చేరేది బడిలో మార్కులు వేసుకునే మామూలు ఎక్సెల్ షీటులోకే.

మోకాలి ఆపరేషనుకని నెల సెలవు పెట్టి, కర్ర పట్టుకుని తిరిగొచ్చేసరికి, పెట్టెను తయారుచేసిన ఇంజినీరు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. అతన్ని అందరూ కళ్లజోడు అంటారు.

"ఏమైందిరా? ఎవరో పోయినట్టున్నావు!"

"పోయేట్టే ఉంది పిన్నిగారూ. మన పెట్టె సగటు సగానికి పడిపోయింది. పాడైందని శుక్రవారం ఆపేస్తారట. ఎనిమిదేళ్ల నా చాకిరీ!"

ఆవిడ కుర్చీ లాక్కుని షీటు చూశారు. గుంపులు గుంపులుగా సున్నాలు.

"ఇవెవరు పెట్టారు?"

"నేనే. ఖాళీలుంటే గ్రాఫు తెగిపోతోందని నింపేశా."

"ఓరి నీ తెలివి తెల్లారా! ఉపగ్రహం భూమికి అవతలికెళ్తే దాని కబురు మనకందదు. అప్పటి ఖాళీలివి. జ్వరం చూడని పూట సున్నా వేస్తే మా డాక్టరు తోలు తీసేవాడు. 'చూళ్లేదు' వేరు, 'లేదు' వేరు. పెట్టెకేం రోగం లేదు. నువ్వే చంపుతున్నావు."

ఉపగ్రహం పంపిన అసలు ఫైలు పక్కన పెట్టుకుని, అందులో లేని సున్నాలన్నీ చెరిపేశారు. ఖాళీ గడులను ఎక్సెల్ సగటులో కలపదు. తెరమీద గీత లేచి, సెలవుకు ముందున్న చోట నిలబడింది. కళ్లజోడు ఆ గ్రాఫు పట్టుకుని పైవాళ్ల దగ్గరికి పరిగెత్తాడు.

పెట్టెను ఆపలేదు.

ఆ సాయంత్రం పిన్నిగారు తన ఆపరేషను తేదీ దాకా షీటును జరుపుకుంటూ వెళ్లారు. మత్తిచ్చింది పది గంటల పన్నెండు నిమిషాలకు. ఆ తర్వాతి రెండు గంటలు ఆవిడకు బొత్తిగా తెలియవు. పదీ పదమూడు వరసలో మాత్రం అంకె ఉంది: నాలుగు వందల పదిహేడు.

"ఈ కణాలెప్పుడు బయల్దేరి ఉంటాయిరా?" అని కళ్లజోడును అడిగారు.

"ఏ నక్షత్రం పేలినప్పుడో. మనుషులింకా పుట్టలేదు."

ఆవిడ ఆ గడిమీద వేలుంచి చాలాసేపు తీయలేదు.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ, ఎవరికి మోకాలి మచ్చ చూపించినా ఆ అంకె చెప్పకుండా చీర దించేవారు కాదు.